ట్యాంకర్ వేళకు లేచిన అబ్బాయి: ఒక వేసవి సెలవుల కేసు

ఇది 2024 వేసవిలో బెంగళూరు తూర్పు శివారులో నేను చూసిన కేసు. నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టును. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో సగానికి పైగా తెలుగువాళ్లే. అబ్బాయి, అతని తల్లిదండ్రులు ముగ్గురూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊళ్లు, ఉద్యోగాలు, మనుషుల వివరాలు మార్చాను. నీళ్ల లెక్కలు మాత్రం మార్చలేదు, అవి మారిస్తే ఇక కేసే మిగలదు.

నేపథ్యం

అబ్బాయికి పదిహేనేళ్లు. తొమ్మిదో తరగతి పరీక్షలు రాశాడు, జూన్‌లో పదిలోకి వెళ్లాలి. తల్లీ తండ్రీ ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఏడేళ్ల చెల్లెలు ఉంది. ఇల్లు 32 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో. అక్కడికి అప్పటికి కావేరి నీళ్లు రాలేదు, బోరు మీద, ట్యాంకర్ల మీద బతుకు. ఆ ఏడాది మార్చి నాటికి ఊళ్లో బోర్లు ఎండిపోయి, తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించిన సంగతి బెంగళూరులో ఉన్నవాళ్లు మర్చిపోయి ఉండరు.

ఊహ తెలిసినప్పటి నుంచి ఏప్రిల్ వస్తే ఈ అబ్బాయి రాయలసీమలో తాతయ్య ఊరికి వెళ్లేవాడు. స్కూలు తెరిచే ముందు వారం, ఎండకు నల్లబడి తిరిగివచ్చేవాడు. అంతకు ముందు ఏడాది తాతయ్య పోయారు. నాన్నమ్మను పెదనాన్న హైదరాబాద్ తీసుకువెళ్లారు. ఊళ్లో ఇంటికి తాళం పడింది. అంటే ఇది ఇతనికి ఊరు లేని మొదటి వేసవి. 'తాతయ్య మరణం. దుఃఖం పైకి కనిపించడం లేదు' అని నా నోట్సులో ఒక్క ముక్క రాసుకుని ఊరుకున్నాను. అందులో నేను చూసింది సగమేనని కొన్ని వారాల తర్వాత తెలిసింది.

ఫిర్యాదు

ఏప్రిల్ రెండో వారంలో తల్లి ఫోన్ చేశారు. "రాత్రి మూడింటికి పడుకుంటాడు, మధ్యాహ్నం పన్నెండున్నరకు లేస్తాడు. ఏది చెప్పినా సరే అంటాడు, ఏదీ చేయడు. నాలుగు క్లాసులకు డబ్బు కట్టామండీ, పది రోజుల్లో నాలుగూ మానేశాడు."

ఆ నాలుగూ ఏమిటంటే పొద్దున ఆరింటికి ఈత, పదింటికి పదో తరగతి లెక్కలు, మధ్యాహ్నం కోడింగ్, సాయంత్రం కీబోర్డు. తండ్రి రంగులు వేసి చేసిన టైంటేబుల్ ఫ్రిజ్ మీద అతికించి ఉంది. ఒక రాత్రి ఆయన రౌటర్ ఆపేశారు. అబ్బాయి చార్జర్‌ను గోడకేసి కొట్టాడు. గోడకు పడిన సొట్ట ఫొటోను తల్లి నాకు పంపారు. అది చిన్న సొట్టే. ఆమెకు అది సొట్టలా కనిపించలేదని అర్థమైంది.

మొదట అబ్బాయితో ఒంటరిగా మాట్లాడాను. అతను చెప్పినవాటిలో ఇంట్లో ఏవి చెబుతానో, ఏవి చెప్పనో ముందే చెప్పాను. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప మిగతాది మా ఇద్దరి మధ్యే. ఈ వయసువాళ్లకు వాడే 25 అంశాల ప్రశ్నావళి నింపించాను. ఆకలి, ఏడుపు, చనిపోవాలన్న ఆలోచన, అన్నీ తిన్నగానే అడిగాను. చుట్టూ తిప్పి అడిగితే పిల్లలు కూడా చుట్టూ తిప్పే చెబుతారు. తిండి బాగానే ఉంది. జోకు చెబితే నవ్వుతున్నాడు. ఎవరైనా ఉంటే సాయంత్రం క్రికెట్‌కు దిగుతాడు. చిక్కల్లా అక్కడే. బిల్డింగులో తోటి కుర్రాళ్లు తొమ్మిది మందిలో ఏడుగురు అప్పటికే సొంతూళ్లకు వెళ్లిపోయారు.

ఫోను సంగతి. 'వీడు అడిక్ట్ అయిపోయాడు' అన్నది తండ్రి నిర్ధారణ. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు లక్షణాలు రాసి ఉన్నాయి. అదుపు తప్పడం, మిగతా ఆసక్తులన్నిటినీ ఆట మింగేయడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాది పాటు ఉంటేనే ఆ పేరు పెడతారు. ఇతనిది మూడు వారాల వ్యవహారం. పరీక్షల నెలలో ఫోను తానే తెచ్చి తల్లికి ఇచ్చాడు. ఇలాంటి ఇబ్బందుల కోసమే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అక్కడికి పంపాలా అని ఆలోచించి, అవసరం లేదనుకున్నాను. ఫోను ఇతన్ని లాక్కుపోలేదు. వేరే చోటు లేక ఇతనే అక్కడికి వెళ్లి కూర్చున్నాడు.

నిద్ర కూడా అంతే. ఈడు వచ్చే వయసులో ఒంటి గడియారం వెనక్కి జరుగుతుంది, రాత్రి తొందరగా నిద్ర రాదు. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, ఇతను తొమ్మిదిన్నర గంటలు పోతున్నాడు. నిద్ర చాలినంత ఉంది, ఉండాల్సిన వేళలో లేదు. ఈ మాట చెబితే తల్లికి కోపం వచ్చింది. "అంటే వాడి తప్పేమీ లేదంటారా?" అన్నారు.

ఫలించనివి

తల్లిదండ్రుల టైంటేబుల్ ఎందుకు పోయిందో పెద్దగా చెప్పనక్కర్లేదు. రెండో ప్రయత్నం డబ్బు. లెక్కల్లో ఒక అధ్యాయం పూర్తి చేస్తే వంద రూపాయలని తండ్రి మాట ఇచ్చారు. మొదటి రెండూ చకచకా అయ్యాయి. మూడోదానికి అబ్బాయి, "ఇది పెద్దది నాన్నా, 150 ఇవ్వాలి" అన్నాడు. నాలుగోది రేటు కుదరక ఆగిపోయింది. బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లలకు బహుమతి ఆశ చూపితే తర్వాత వాళ్లు తమంతట తాము వేయడం తగ్గించారని 1973లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగాన్ని మా వృత్తిలో అందరూ ఉదహరిస్తారు. అది ఇక్కడ అచ్చంగా వర్తించదు, లెక్కల మీద ఇతనికి ముందు కూడా ఇష్టం లేదు కాబట్టి. ఇక్కడ జరిగింది మరొకటి. చదువు తండ్రి కొనే సరుకైపోయింది, కొడుకు దుకాణదారు అయ్యాడు. పోనీ స్కూటర్ నేర్పిద్దామా అని కూడా ఆయన అడిగారు. మైనరు బండి నడిపి పట్టుబడితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తండ్రికే 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని చెప్పాక ఆ ఆలోచన మానుకున్నారు.

మూడో వైఫల్యం నాది. దాన్ని కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే పైకి అది చాలా తెలివైన పనిలా కనిపించింది. పిల్లలకు స్వేచ్ఛ కావాలి, తామే ఎంచుకోవాలి అని మేం చదువుకుంటాం. అందుకని పన్నెండు పనులు రాసిన కాగితం ఒకటి తయారు చేశాను. కబ్బన్ పార్కులో ఉన్న సెంట్రల్ లైబ్రరీ, కస్తూర్బా రోడ్డు మీది విశ్వేశ్వరయ్య మ్యూజియం, నెహ్రూ ప్లానెటోరియం, సైకిలు బాగుచేయడం, వంట, ఇలాంటివి. "నీ ఇష్టం, మూడు ఎంచుకో" అన్నాను. అతను కాగితాన్ని శ్రద్ధగా చదివి మూడింటికి టిక్కు పెట్టాడు. "థ్యాంక్యూ మేడమ్" అన్నాడు. వారం తర్వాత వస్తే ఒక్కటీ చేయలేదు.

అప్పుడు తట్టింది. తండ్రిది నాలుగు క్లాసుల మెనూ, నాది పన్నెండు పనుల మెనూ. వంటగది మాత్రం పెద్దల చేతిలోనే ఉంది. అతను టిక్కు పెట్టింది నన్ను నొప్పించడం ఇష్టం లేక. ఎందుకు చేయలేదని అడిగితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చేసినా చేయకపోయినా ఏం తేడా మేడమ్? నేను ఈతకు వెళ్లకపోతే ఎవరికైనా ఏమైనా ఆగిందా?" అన్నాడు. ఎదురు మాట్లాడుతున్నాడనిపించింది గానీ, అది నిజంగానే ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు.

సంప్ మాట

ఏప్రిల్ చివర్లో మూడో సెషనుకు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, స్నానం చేయకుండా. సంప్, అంటే బిల్డింగు నేల కింది నీళ్ల తొట్టి, ఖాళీ అయి నీళ్లు ఆగిపోయాయట. సణుగుతూ కూర్చున్నాడు. "సంప్‌లో ఎన్ని నీళ్లున్నాయో ఎవరికీ తెలియదు మేడమ్. వాచ్‌మన్ అన్న మూత తీసి చూసి, ఉన్నాయిలే అంటాడు. ట్యాంకర్‌కు ఫోన్ చేసేసరికి అయిపోతాయి."

ఆ మాటను దాటవేసి అసలు విషయంలోకి వెళ్లబోయాను. అసలు విషయం అదేనని అప్పటికి తెలియదు. ఏదో ఆపి, "నువ్వైతే ఎలా చూస్తావు?" అని అడిగాను. పదకొండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాడు. గడియారం చూశాను కాబట్టి ఆ సంఖ్య రాస్తున్నాను, అంతకు ముందు రెండు సెషన్లు కలిపినా అంతసేపు మాట్లాడలేదు. ఊళ్లో బోరుకు కరెంటు వేళపాళా లేకుండా వచ్చేదట. వచ్చిందంటే తాతయ్య, "కరెంటొచ్చింది, మోటరు వేసి రారా" అనేవారట. పరుగెత్తేది ఇతనే. ఒకసారి నిద్రపోతే మడి ఎండింది, తాతయ్య తిట్టారు. ఆ తిట్టును ముచ్చటగా చెప్పుకున్నాడు. నా నోట్సులో రాయని రెండో సగం ఇదే. తాతయ్యతో పాటు, తాను లేకపోతే ఆగిపోయే పని కూడా పోయింది.

ఇక్కడ రెండు నిర్ణయాలు తీసుకోవలసి వచ్చింది. మొదటిది, ఈ పనిని నేను అప్పగించాలా వద్దా. అప్పగిస్తే పదమూడో టిక్కు అవుతుంది. అందుకే, "అసోసియేషన్ వాళ్లను అడిగి చూస్తావా?" అని మాత్రం అన్నాను. వాళ్లు ఒప్పుకోకపోవచ్చని కూడా చెప్పాను. రెండోది భద్రత. మూసి ఉంచిన సంపుల్లో గాలి ఆడక దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకోవడం మనం విన్నదే. వాచ్‌మన్ పక్కన లేకుండా మూత తీయకూడదు, తల లోపల పెట్టకూడదు, ఏది జారి పడినా దిగకూడదు. ఈ మూడింట్లో బేరం లేదన్నాను. తల్లిదండ్రులకు చెబుతానని అతనితో చెప్పి మరీ చెప్పాను.

సెక్రటరీ మొదట, చిన్నపిల్లాడికి ఎందుకు ఈ గోల అన్నారట. ఉచితంగా చేస్తాననేసరికి ఒప్పుకున్నారు. తండ్రిని ఆపడం అంతకన్నా కష్టమైంది. ఆయన ఆ రాత్రే సెన్సర్ ధరలు చూసి, యాప్ చేయిద్దాం, స్కూలు ప్రాజెక్టుకు పనికొస్తుంది, కాలేజీ దరఖాస్తులో రాసుకోవచ్చు అన్నారు. మే నెల గడిచేదాకా ఒక్క సలహా కూడా ఇవ్వొద్దని బతిమాలాను. అబ్బాయి మాత్రం, "కర్ర చాలు నాన్నా" అన్నాడట.

కర్ర అంటే కట్టడం పనిలో మిగిలిన రీపరు. మార్కరుతో ఐదేసి సెంటీమీటర్లకు గీతలు పెడితే రెండో రోజుకే కొట్టుకుపోయాయి. తర్వాత తల్లి గోళ్ల రంగుతో పెట్టాడు, అవి నిలిచాయి. సంప్ పొడవు 6 మీటర్లు, వెడల్పు 4. అంటే ఒక్క సెంటీమీటరు నీరు 240 లీటర్లు. ఇంకొకటి తానే కనిపెట్టాడు. అడుగున 20 సెంటీమీటర్ల నీరు మోటరుకు అందదు, నీళ్లు పీల్చే పైపు కింది కొసన ఉండే ఫుట్‌వాల్వ్ అంత ఎత్తులో ఉంది. వాచ్‌మన్ 'ఉన్నాయిలే' అన్న నీళ్లు చాలాసార్లు ఆ అడుగు నీళ్లే. అందుకని తన సున్నాను ఫుట్‌వాల్వ్ దగ్గర పెట్టుకున్నాడు. రోజుకు 20,000 లీటర్లు ఖర్చు, బోరు ఇచ్చేది 8,000, తక్కినది ట్యాంకర్. లిఫ్టు పక్కన చిన్న బోర్డు పెట్టి పొద్దున ఏడింటికి రాసేవాడు: 'మోటరుకు అందే నీళ్లు 14,400 లీటర్లు. ట్యాంకర్ రాకపోతే రేపు మధ్యాహ్నం 12 దాకా.'

ట్యాంకర్ వచ్చేది ఆరున్నరకు. లేవమని ఎవరూ చెప్పలేదు. మొదటి మూడు రోజులు మూడింటికి పడుకుని ఆరున్నరకు లేచి, మధ్యాహ్నం సోఫాలో పడిపోయాడు. తల్లి కంగారుపడ్డారు. ఆగమన్నాను. పొద్దున లేచే వేళ కుదిరితే రాత్రి నిద్ర దానంతట అదే ముందుకు జరుగుతుంది, పడుకునే వేళతో కుస్తీ పట్టడం దండగ. ఆరో రోజుకు ఒంటిగంటకే కళ్లు మూతలు పడుతున్నాయి. మూడో అంతస్తు ఆవిడ ఒకరోజు ఇంటికి ఫోన్ చేసి, "బాబు ఉన్నాడా? ఈ రోజు దుప్పట్లు ఉతకొచ్చా అని అడగాలి" అన్నారు. తల్లి ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె గొంతు మారింది.

41 సెంటీమీటర్లు

రెండో వారంలో కేసు దాదాపు చేజారింది. ట్యాంకర్ 12,000 లీటర్లది. ఆ నీళ్లు పోస్తే సంప్‌లో మట్టం 50 సెంటీమీటర్లు పెరగాలి. ఇతను కొలిస్తే 41 పెరిగింది, అంటే 9,840 లీటర్లే. మార్చిలో జిల్లా యంత్రాంగం ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలని ధర కట్టినా, ఇక్కడ ఇస్తున్నది అంతకంటే ఎక్కువే. దానికి తోడు ఈ మోసం. ఇద్దరు ఫ్లాటు యజమానుల ముందే డ్రైవర్‌ను నిలదీశాడు. డ్రైవర్‌ది కోలారు వైపు, తెలుగు వచ్చు. ఆయన అరవలేదు. "మోటరు ఆపి కొలిచావా బాబూ?" అని మాత్రం అడిగాడు.

ఆపలేదు. వాచ్‌మన్ రోజూ ఆ వేళకే పై ట్యాంకుకు మోటరు వేస్తాడు. పైపు నుంచి నీళ్లు పడుతుంటే ఇంకోవైపు పైకి పోతున్నాయి.

అబ్బాయి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. రెండు రోజులు బోర్డు ఖాళీ. మళ్లీ నిద్ర మూడింటికి. తల్లి, "నేను వెళ్లి ఆ డ్రైవర్‌కు సారీ చెప్పి ఇంతటితో ఆపించేస్తాను" అన్నారు. తండ్రి ట్యాంకర్ యజమానితో మాట్లాడతానన్నారు. ఇద్దరినీ వద్దన్నాను. పెద్దలు దిద్దితే ఆ తప్పు పెద్దలదైపోతుంది, దానితో పాటు పని కూడా. కానీ ఊరికే వదిలేస్తే సిగ్గు గట్టిపడుతుందన్న భయం నాకూ ఉంది. ఓదార్చాలా, ధైర్యం చెప్పాలా అని తర్జనభర్జన పడి రెండూ మానేశాను. ఫోన్‌లో ఒక్కటే అడిగాను. "ఆ 41లో నీకు ఇంకా తెలియనిది ఏమిటి?"

కాసేపు ఏమీ పలకలేదు. "మోటరు ఎంత లాగిందో తెలియదు మేడమ్."

ఆ సాయంత్రం ట్యాంకర్ లేని వేళ మోటరు వేయించి కొలిచాడు. ట్యాంకర్ ఖాళీ అయ్యే ఇరవై నిమిషాలకు 5 సెంటీమీటర్లు, అంటే 1,200 లీటర్లు. మర్నాడు డ్రైవర్ దగ్గరికి వెళ్లి, "అంకుల్, మొన్న నాదే తప్పు. ఈ రోజు మోటరు ఆపి ఇద్దరం కలిసి కొలుద్దాం" అన్నాడట. కర్ర డ్రైవరే పట్టుకున్నాడు. 46 వచ్చింది. 41కి మోటరు లాగిన 5 కలిపితే వచ్చేదీ అదే. ఈ లెక్క కుదిరిన సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు. అయితే 46 అంటే 11,040 లీటర్లు. 960 తక్కువే. "నిండుగా పోస్తే దారంతా తొణుకుతుంది బాబూ" అని డ్రైవర్ నవ్వాడట. నెలకు అది 28,800 లీటర్లు, రెండు ట్యాంకర్ల పైమాట. ఈసారి నిలదీయలేదు, నాలుగు రోజుల అంకెలు కాగితం మీద రాసి సెక్రటరీకి ఇచ్చాడు. ఆయన యజమానితో మాట్లాడాక మట్టం 48, 49 దాకా పెరుగుతూ వచ్చింది.

మే చివరికి

పన్నెండున్నరకు పడుకుని ఆరున్నరకు లేచి, మధ్యాహ్నం ఓ కునుకు తీసేవాడు. ఫోను రోజుకు నాలుగు గంటలు ఉంది, ఇంకా ఎక్కువే. నాలుగు క్లాసుల్లో ఈత ఒక్కటే, అదీ సాయంత్రం బ్యాచికి మార్చుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. లెక్కల క్లాసుకు వెళ్లలేదు. చివరి సెషనులో తండ్రి, "నీళ్లు కొలిస్తే పదో తరగతిలో మార్కులు వస్తాయా మేడమ్?" అని అడిగారు. రావన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఆయన స్థానంలో ఉంటే నాకూ నచ్చేది కాదు.

నాకు మిగిలినవి

ఇప్పుడు మార్చిలో తల్లిదండ్రులు సెలవుల ప్రణాళికతో వస్తే, అందులో పిల్లవాడు ఏం నేర్చుకుంటాడని అడగడం తగ్గించాను. అతను ఒకరోజు రాకపోతే ఎవరు గమనిస్తారని అడుగుతున్నాను. క్లాసులో గమనించేది ఫీజు కట్టినవాళ్లే. ఇంట్లో గ్యాస్ బుకింగ్, చెల్లిని బస్సు ఎక్కించడం, నాన్నమ్మ మందుల డబ్బా సర్దడం, ఇలాంటి నిజమైన పనులు ఉంటాయి, కానీ పిల్లలు చదువుకోవాలని వాటిని మనం వాళ్ల చేతుల్లోంచి ముందే లాగేసుకుంటాం. అయితే అప్పగించాక, తప్పితే నిజంగానే ఇబ్బంది కలగాలి. వెనుక అమ్మ రహస్యంగా చేసి పెట్టే పనిని ఏ పిల్లలూ నమ్మరు.

దీన్ని మందుచీటీలా వాడబోయి ఒకసారి బోల్తా పడ్డాను కూడా. మరుసటి ఏడాది పదహారేళ్ల అమ్మాయికి ఇలాంటి పనే వెతికి పెట్టబోయాను. ఆమెకు కావలసింది పని కాదు. కోచింగులో అలిసిపోయి వచ్చింది, మూడు వారాలు ఎవరూ ఏమీ అడగకుండా ఉంటే చాలు. ఇంకొక జాగ్రత్త. రెండు వారాలకు మించి దిగులు, తిండి మానేయడం, స్నేహితులను కూడా తప్పించుకోవడం, చావు మాటలు కనిపిస్తే సెలవుల బద్ధకమని కూర్చోకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

మొన్న మార్చిలో ఆ తల్లి ఫోన్ చేశారు. కావేరి నీళ్లు వచ్చాయట, కర్ర వాచ్‌మన్ గదిలో మూలన ఉందట. ఇప్పుడు చెల్లి వంతు. "సెలవుల్లో దీనికి కూడా ఏదైనా ఒక సంప్ చూపించండి మేడమ్" అన్నారు. ఈ మధ్య అది దేని గురించి సణుగుతోందని అడిగాను. "అదా, ఎప్పుడూ ఏదో ఒకటి సణుగుతూనే ఉంటుంది, నేను పట్టించుకోను" అన్నారు. ఒక వారం పట్టించుకుని, ఆ తర్వాత ఫోన్ చేయమన్నాను.